మూడో డబ్బాలో మొలక

కండక్టరమ్మ ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా ఆవిడ గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. ముప్పై ఏళ్లపాటు కిక్కిరిసిన బస్సుల్లో ముందు సీటు నుంచి వెనక మెట్టు దాకా వినిపించిన గొంతు అది. ఇప్పుడది పాత వాటర్ ట్యాంకు వెనకున్న కూరగాయల తోటను నడిపిస్తోంది. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఉండే ఇరవై నాలుగు కుటుంబాలకు అక్కడ తలా ఒక మడి ఉంది. ఒక్కో మడి ఓ మోస్తరు వంటగదంత. తోటకు సెక్రటరీ లెక్కల మాస్టారు. సంతకం ఆయనది, పెత్తనం ఈవిడది. ఆవిడను ఎవరూ ఎన్నుకోలేదు, అలాగని ఎవరూ కాదనలేదు.

చెడ్డమనిషా అంటే కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా వాళ్ల మడికి తనే నీళ్లు పెట్టేది. నారు అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చేది, అడగనివాళ్లకు తిట్టి మరీ ఇచ్చేది. ఉన్నదల్లా ఒక్కటే గుణం. తన మాట విననివాళ్లను చూస్తే ఆవిడకు ఒళ్లు మండిపోతుంది.

తోట మొత్తంలో అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు. గోడవార మూల మడి వడ్రంగిది. అరవై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. మూడేళ్ల కిందట కండక్టరమ్మ పనిముట్ల షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో కుళాయి టైములు రాసింది. ఎవరు ఎప్పుడు నీళ్లు పట్టుకోవాలో నిమిషాలతో సహా. వడ్రంగి ఆ పట్టిక ముందు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివి, తలూపి వెళ్లాడు. మర్నాడు సైకిలుకు చెరో పక్కా నీళ్ల డబ్బా కట్టుకుని ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి తన మడికి కుళాయి కింది తొట్టి నీళ్లు ఒక్క చెంబు పొయ్యలేదు. దెబ్బలాడితే ఆవిడ వారంలో మరిచిపోయేది. దెబ్బలాడకపోవడమే ఆవిడకు కొరుకుడు పడలేదు.

"ఆయనగారి మొక్కలకు మన నీళ్లు పడవుట. జలుబు చేస్తుందిట," అని మూడేళ్లుగా చెప్పిందే చెప్పి నవ్విస్తూ వచ్చింది.

చలికాలం మొదలైంది. తోటలో ఆ పదిహేను రోజులూ ఊపిరాడని పని ఉంటుంది. కాపు అయిపోయిన వంగ మొక్కలు పీకెయ్యాలి. పుదీనాను నేలకంటా కోసి పైన కప్పు వెయ్యాలి. వెల్లుల్లి రెబ్బలు మొన పైకి ఉండేలా వేలెడు లోతులో గుచ్చాలి. చిక్కుడు, బఠాణీ గింజలు నానబెట్టి పెట్టాలి. మెంతులు, కొత్తిమీర చల్లుకోవాలి. సాయంత్రం మంచు పడకముందే లేత మొక్కల మీద పాత దుప్పట్లు కప్పి, పొద్దున్నే మళ్లీ తియ్యాలి. ఈ పనులన్నీ కండక్టరమ్మ వేలు చూపిస్తుంటే జరిగేవి.

ఆ ఏడు ఆవిడ ఇంకో ఘనకార్యం చేసింది. ఊరి చివర పాలకేంద్రం వాళ్లను బతిమాలి ఒక వ్యానెడు ఎరువు తెప్పించింది. ఆవుల కింద నెలల తరబడి పరిచిన గడ్డి, పేడతో కలిసి నల్లగా మాగి, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. చూసినవాళ్లందరికీ నెత్తిన పాలు పోసినట్టయింది. ఆవిడే స్వయంగా గంపకెత్తి మడికి మూడు గంపల చొప్పున పోసింది. కొంత మట్టిలో కలిపించింది, కొంత పైన దుప్పటిలా పరిపించింది. ఇరవై మూడు మళ్లూ అయ్యాక గంప చంకన పెట్టుకుని మూల మడి దాకా వెళ్లింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది.

"ఆయనకన్నీ ఇంటి నుంచే వస్తాయి కదా, ఎరువూ తెచ్చుకుంటారులే," అంది అందరికీ వినపడేలా.

అందరూ నవ్వారు. వడ్రంగి వంగి పుదీనా కోస్తున్నాడు. విన్నాడో లేదో తలెత్తలేదు.

సరిగ్గా పద్దెనిమిదో రోజు పొద్దున్న ఆవిడ తన మడి మీద దుప్పటి తీసింది. తీసిన దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. చిక్కుడు మొక్కల చిగుళ్లు పసిపిల్లల పిడికిళ్లలా ముడుచుకుని ఉన్నాయి. కాడలు మెలితిరిగి నేలకు వాలాయి. బఠాణీ తీగలు పైకి పాకాల్సింది పోయి తమలో తామే చుట్టుకున్నాయి. టమాటా కొమ్మల చివర ఆకులు ఆకుల్లా లేవు, నలిపి వదిలేసిన దారాల్లా ఉన్నాయి. పక్క మడి చూసింది. అదీ అంతే. దాని పక్కదీ అంతే. ఆవిడ తోటంతా పరుగెత్తింది. ముప్పై ఏళ్లు బ్రేకు పడ్డప్పుడల్లా నిలదొక్కుకున్న కాళ్లు ఆ పొద్దున్న గట్టు మీద రెండుసార్లు తడబడ్డాయి.

తోటంతటికీ బాగున్నవి వెల్లుల్లీ ఉల్లీ మాత్రమే. వాటి సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికే అందరి కళ్లూ మూల మడి మీద పడ్డాయి. అక్కడ మెంతికూర మెత్తగా, పచ్చగా ఉంది. బఠాణీ తీగ పుల్లల పందిరి సగం ఎక్కేసింది. ఒక్క ఆకు ముడవలేదు.

"ఇదేంటి అక్కా, మనవన్నీ పోయి ఆయనదొక్కటే ఎలా బాగుంది?" అని అడిగింది ఇస్త్రీ కొట్టు అమ్మాయి.

ఆ ప్రశ్న కోసమే మూడేళ్లుగా కాచుకుని ఉన్నట్టు కండక్టరమ్మ నోట్లోంచి జవాబు వచ్చేసింది. వారం కిందట షెడ్డు గుమ్మానికి చెదలు పట్టిందని మాస్టారు అడిగితే వడ్రంగే వచ్చి చెదల మందు పూశాడు. మందు డబ్బా చేత్తో పట్టుకుని తొట్టి పక్కన నిలబడి చెయ్యి కడుక్కోవడం ఆవిడ కళ్లారా చూసింది. తొట్టి నీళ్లు వాడనివాడు ఆయనొక్కడే. పాడుకానిది ఆయన మడి ఒక్కటే.

"ఇంకేం కావాలి? తొట్టిలో కలిపాడు!" అంది.

చెప్పొద్దూ, ఆ మాట అన్నప్పుడు ఆవిడకు అది అబద్ధమని ఇసుమంతైనా అనిపించలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ ఆదివారం షెడ్డు ముందు అందరూ చేరారు. వడ్రంగి చేతిలో టోపీ పట్టుకుని నిలబడ్డాడు.

"నేనేం కలపలేదండీ," అన్నాడు.

"అయితే మీ మడి ఒక్కటే ఎందుకు బాగుంది? చెప్పండి!"

"నాకు తెలీదమ్మా."

"తెలీదుట! విన్నారా మాస్టారూ? ఇరవై మూడు మళ్లు మాడిపోతే ఈయనకు తెలీదుట!"

ఆయన మడి ఖాళీ చేయించాలనుకునేవాళ్లను చెయ్యెత్తమంది కండక్టరమ్మ. ఇస్త్రీ అమ్మాయి చెయ్యి మొదట లేచింది. తర్వాత ఒక్కొక్కటే లేచాయి. మాస్టారి చెయ్యి ఆఖరున, భుజం దాకా లేచి ఆగిపోయింది. ఉన్న పంట కోసుకోవడానికి మూడు వారాల గడువిచ్చారు. వడ్రంగి టోపీ పెట్టుకుని, లేచిన చేతుల్ని ఒకసారి చూసి, సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

మాస్టారికి మాత్రం మనసొప్పలేదు. గేటు దగ్గర ఆవిడతో, "అమ్మా, లెక్క చెయ్యకుండా జవాబు రాసేసినట్టుంది మనం చేసింది," అన్నాడు.

"లెక్క నేను చేసి చూపిస్తాను మాస్టారూ. ఆయన వెళ్లే రోజుకు మీ చేతిలో పెడతాను," అందావిడ రోషంగా.

ఆవిడకు మొక్కల విద్య తెలుసు. మట్టిలో ఏముందో మనుషులు దాచినా చిక్కుడు గింజ దాచదు. మూడు ఖాళీ బిస్కెట్ డబ్బాలు తీసుకుని అడుగున మేకుతో కన్నాలు పొడిచింది. మొదటి దాంట్లో వడ్రంగి మడి మట్టి నింపింది. రెండో దాంట్లో తన మడి మట్టి. మూడో దాంట్లో తన బాల్కనీ కుండీలోని మట్టి, అంటే తోటతో ఏ సంబంధమూ లేని మంచి మట్టి. మూడింటిలోనూ నాలుగేసి చిక్కుడు గింజలు వేసి, వంటింటి కిటికీలో ఎండ పడేచోట పెట్టింది. మొదటిదీ మూడోదీ బాగా రావాలి, రెండోది ముడుచుకోవాలి. తోటలోకి మందు వచ్చింది, ఆయన మడిలోకి రాలేదు అని తేలిపోతుంది.

మూడో డబ్బా మంచి మట్టి కదా, దాని మొలక అందరికీ చూపించాల్సిన మొలక. కిటికీలో చలిగాలి తగులుతోందని, తోటలో మిగిలితే సంచిలో ఇంటికి తెచ్చుకున్న పాలకేంద్రం ఎరువు రెండు గుప్పిళ్లు ఆ డబ్బాలో కలిపి పైన పరిచింది. ప్రేమతోనే చేసింది.

వారంలో మొలకలొచ్చాయి. మొదటి డబ్బావి నిటారుగా నిలబడ్డాయి. రెండో డబ్బావి, ఆవిడ చెప్పినట్టే, చిగురు వెయ్యగానే ముడుచుకున్నాయి. ఆవిడ మీసం మెలేసే పని ఒక్కటే తక్కువ. గడువు ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం మధ్యాహ్నం టీ పెట్టుకుంటూ కిటికీ వైపు చూసింది.

మూడో డబ్బాలో ఉన్నవి మొలకల్లా లేవు. రెండో డబ్బా కంటే ఘోరంగా, కాడలు వాచి, ఆకులు విచ్చుకోకుండానే ముద్దకట్టుకుని, తలలు మట్టిలోకి గుచ్చుకుని ఉన్నాయి.

ఆవిడ చూస్తూనే ఉంది. టీ పొంగి స్టవ్ మీద పోయింది. మూడో అంతస్తు. తలుపుకు తాళం. ఈ కిటికీ దగ్గరకు వడ్రంగి రాలేదు, రాలేడు. ఈ డబ్బాకు తోట నీళ్లు పొయ్యలేదు, వంటింటి కుళాయి నీళ్లు పోసింది. తోట మట్టి ముట్టలేదు. దీన్లోకి తోటకు సంబంధించినది వచ్చిందంటే ఒక్కటే వచ్చింది. అది తన చేత్తో వేసిన రెండు గుప్పిళ్లు.

స్టవ్ ఆపడం కూడా మరిచి, పాలకేంద్రం ఆయనకు ఫోన్ చేసింది.

"మా గడ్డికేంటమ్మా, దివ్యమైన గడ్డి," అన్నాడాయన. "పొలంలో కలుపు మందు కొట్టిస్తాం కదా, వెడల్పాకు మొక్క ఒక్కటి కూడా ఉండదు. గడ్డికేమీ కాదు, ఆవులకేమీ కాదు."

"ఆ మందు పేడలోకి వస్తుందా?"

"ఏమో మరి. అమ్మినాయన కూరగాయల మళ్లకు వెయ్యొద్దనో ఏదో చెప్పినట్టున్నాడు. మీరు దేనికి వేస్తారో మేం అడగలేదు, మీరు చెప్పలేదు. ఏం, ఏమైనా అయిందా?"

"మట్టిలో ఎన్నాళ్లుంటుంది?"

"ఒక ఏడు ఉంటుంది. రెండేళ్లన్నా ఉండొచ్చు."

వెడల్పాకు మొక్క. ఆవిడ ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. చిక్కుడు, బఠాణీ, టమాటా, మెంతి, కొత్తిమీర, అన్నీ పోయాయి. సన్నగా పొడుగ్గా ఆకు ఉండే ఉల్లీ వెల్లుల్లీ మాత్రం నిక్షేపంగా నిలబడ్డాయి. రోజూ వాటి పక్కనే నడిచింది. నీళ్లలో చెదల మందు కలిసి ఉంటే అవి మాత్రం ఎందుకు బతుకుతాయి? ఈ ప్రశ్న ఇరవై మూడు మందిలో ఒక్కరికీ రాలేదు, ముందు తనకే రాలేదు. వడ్రంగి మడి ఎందుకు బాగుందో కూడా అప్పుడు తెలిసింది. గంప తీసుకుని వెళ్లి, కావాలని వెనక్కి తిరిగిన మడి అది. అందరికీ ప్రేమగా పంచింది విషం. ఒక్కడి మీద అక్కసుతో ఇవ్వకపోతే ఆ ఒక్కడూ బాగున్నాడు. ఆ బాగుండటాన్నే నేరం చేసి ఆయన మీద పడింది.

సాయంత్రం మందుల షాపులో పని ముగించుకుని కూతురు వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. తల్లి చీకట్లో కూర్చుని ఉంది. సంగతంతా విని, లైటు వేసి, పక్కన కూర్చుంది.

"నువ్వు కావాలని చేశావా ఏంటమ్మా? నీకేం తెలుసు?"

"గడ్డి కావాలని వెయ్యలేదే. ఆయన మీద మాత్రం కావాలనే పడ్డాను."

కూతురు లేచి కిటికీలోని మూడో డబ్బా చూసింది. తర్వాత నెమ్మదిగా, "ఎల్లుండి ఆయన ఎలాగూ వెళ్లిపోతాడు కదా. ఆ డబ్బా పారేస్తే ఎవరికి తెలుస్తుంది?" అంది.

కండక్టరమ్మ కూతురి మొహం కేసి అలా చూస్తూ ఉండిపోయింది. కోపంతో కాదు. ఆ మాట మధ్యాహ్నం నుంచి తన మనసులోనూ నాలుగుసార్లు వచ్చి వెళ్లింది మరి. శనివారం పొద్దున్న డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది కూడా. పది నిమిషాలకు వెళ్లి తీసింది. పారేస్తే వడ్రంగి వెళ్లిపోతాడు, తన పరువు నిలబడుతుంది. కానీ ఇరవై మూడు మళ్ల మీద ఆ గడ్డి ఇంకా ఉంది. నీళ్లు పెట్టినప్పుడల్లా మందు మట్టిలోకి దిగుతూనే ఉంది. రోజుకు రోజు ఆలస్యం. ఆవిడ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఎవరో తలమీద మొట్టినట్టు కూర్చున్నచోటే ఉలిక్కిపడుతూ ఉండిపోయింది.

ఆదివారం మూడు డబ్బాలూ అట్టపెట్టెలో పెట్టుకుని తోటకు వెళ్లింది. వడ్రంగి అప్పటికే వచ్చి ఉన్నాడు. మూల మడి దాదాపు ఖాళీ అయిపోయింది. బఠాణీ పందిరి విప్పి పుల్లల్ని పొడుగు ప్రకారం కట్టలు కట్టాడు. కాసిన కాయలు, కోసిన మెంతికూర గోనెసంచిలో ఉన్నాయి. కాయడానికి ఇంకా నెల పట్టే తీగలు గట్టు మీద కుప్పగా పడి ఉన్నాయి. నిన్ననే వచ్చి చెప్పి ఉంటే ఇవి బతికి ఉండేవి.

షెడ్డు ముందు అందరూ చేరారు. ఆవిడ డబ్బాలు బల్ల మీద పెట్టింది. గొంతు పెగల్లేదు. ఆ గొంతు పెగలకపోవడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు, అందుకని అందరూ మాటలు ఆపేశారు.

"తొట్టిలో ఏమీ లేదు," అంది చివరికి. "మందు నేను తెప్పించిన ఎరువులో ఉంది. ఇదిగో, మా ఇంట్లో మంచి మట్టిలో రెండు గుప్పిళ్లు వేస్తే ఇలా అయింది. పాలకేంద్రం ఆయన్ని అడిగాను. నిజమే. మట్టిలో రెండేళ్లదాకా ఉంటుందిట. మీ మళ్లన్నీ పాడు చేసింది నేను. ఈయన కాదు. ఈయన ఏమీ చెయ్యలేదు."

ఇస్త్రీ అమ్మాయి డబ్బాలోకి తొంగిచూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఎవరో వెనక నుంచి, "అయినా ఆయన కూడా ఎప్పుడూ కలివిడిగా ఉన్నదెక్కడ?" అని గొణిగారు. అది విని కండక్టరమ్మ నిర్ఘాంతపోయింది. తను అన్న అబద్ధాన్ని ఒక్క నిమిషంలో నమ్మినవాళ్లు, నిజాన్ని చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

వడ్రంగి బల్ల దగ్గరకు వచ్చాడు. ముడుచుకున్న మొలకను వేలితో ఎత్తి చూశాడు.

"మరి నాకెందుకివ్వలేదమ్మా ఎరువు?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలియక అడిగాడు.

ఆవిడ ఆ ఒక్క ప్రశ్నకు సిద్ధపడి రాలేదు.

"మీరంటే పడక," అంది.

మాస్టారు గబగబా ముందుకొచ్చాడు. "అయిందేదో అయింది. ఆ తీర్మానం రద్దు చేద్దాం. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి." ఈసారి తన చెయ్యే ముందు ఎత్తాడు. ఒకటీ, రెండూ, పదీ, ఇరవై మూడూ లేచాయి.

వడ్రంగి ఆ చేతుల్ని మొన్నటిలాగే ఒకసారి కలయజూశాడు.

"అప్పుడూ ఇవే కదండీ," అన్నాడు. టోపీ పెట్టుకుని, పుల్లల కట్ట భుజానికెత్తుకుని, గోనెసంచి సైకిలుకు తగిలించుకుని గేటు వైపు నడిచాడు.

కండక్టరమ్మ ఆయన వెనకే పరుగులాంటి నడకతో వెళ్లింది. గేటు దాటాక అందుకుంది.

"అన్నయ్యా, ఆగండి. కావాలంటే నా మడి కూడా తీసుకోండి. కుళాయి పక్కనే. రేపే రాసిచ్చేస్తాను."

"దాంట్లో రెండేళ్లదాకా చిక్కుడు మొలవదన్నారు కదమ్మా. నేనేం చేసుకోను?"

మూడేళ్లలో ఆయన తనతో ఇన్ని మాటలు అనడం ఇదే మొదటిసారి. ఆవిడ సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"పోనీ నన్నేం చెయ్యమంటారో చెప్పండి. ఏదంటే అది చేస్తాను. వాళ్ల మళ్లలో గడ్డంతా నేనే ఎత్తిస్తాను. మీ ఇంటికొచ్చి మీవాళ్ల ముందు చెప్పమన్నా చెప్తాను. ఏం చెయ్యను?"

వడ్రంగి ఆవిడ వేళ్లను ఒక్కొక్కటిగా హ్యాండిలు మీద నుంచి మెల్లగా విడిపించాడు.

"ఏమీ చెయ్యొద్దమ్మా. కొన్నాళ్లు ఊరుకోండి," అన్నాడు.

అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఖాళీ నీళ్ల డబ్బాలు రెండూ సందు మలుపు తిరిగేదాకా చప్పుడు చేశాయి.

ఆవిడ లోపలికి వచ్చేసరికి అందరూ పలుగులూ గంపలూ పట్టుకుని ఎవరి మడి దగ్గర వాళ్లు నిలబడి ఉన్నారు. గడ్డి ఎత్తి ఎక్కడ పొయ్యాలి, ముందు ఎవరిది తియ్యాలి, మట్టి కూడా తియ్యాలా అక్కర్లేదా, ఎవరికీ తోచడం లేదు. ఎప్పటి అలవాటు ప్రకారం ఇరవై రెండు మొహాలూ ఆవిడ వైపు తిరిగాయి.

"ఇప్పుడేం చేద్దామక్కా?" అని అడిగింది ఇస్త్రీ అమ్మాయి.

కండక్టరమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. గంప తీసుకుని తన మడి దగ్గరకు వెళ్లి వంగి, నల్లటి గడ్డిని రెండు చేతులతో ఎత్తి గంపలో వేసుకోవడం మొదలుపెట్టింది. వాళ్లు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆవిడ తలెత్తలేదు.